మా గోడపత్రిక, మా తప్పు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. కష్టపడి చదవండి, పైకి రండి అని రాయడానికి ప్రతి సంచికలోనూ పెద్దలు ఉంటారు. మేము మాత్రం తొమ్మిదో తరగతిలో చేసిన ఒక తప్పు గురించి రాయాలనుకున్నాం. ఆ తప్పును వెంటబెట్టుకునే మేము హైస్కూలు విద్యార్థుల పత్రికల పోటీకి వెళ్లాం. మేము అంటే అయిదుగురం. కలం పట్టుకున్నది మాలో ఒకరే అయినా, మిగతా నలుగురికీ ఫోన్లో చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే ఇది పంపుతున్నాం.

అది 2016వ సంవత్సరం. అప్పటి ప్రకాశం జిల్లా, మార్కాపురం దగ్గర సాంఘిక సంక్షేమ హాస్టల్. మా హాస్టల్‌కు రోజూ ఒకే ఒక్క దినపత్రిక వచ్చేది. ముందు వార్డెన్ సారు, తర్వాత వాచ్‌మన్ తాత, ఆ తర్వాత పదో తరగతి అన్నలు చదివి మా దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమయ్యేది. అప్పటికే క్రికెట్ పేజీ ఎవరి ట్రంకు పెట్టెలోకో చేరిపోయేది. మాకంటూ ఒక పత్రిక ఉంటే బాగుండునని అనిపించి గోడపత్రిక మొదలుపెట్టాం.

మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. మా అయిదుగురిలో ఇద్దరి ఇళ్లలో పలకల పనే జీవనాధారం. అందుకని పత్రికకు ‘పలక’ అని పేరు పెట్టాం. ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు, అంటించడానికి అన్నం మెతుకులు. ఇంతే మా పెట్టుబడి. ఒకడి దస్తూరి బాగుండేది, వాడు రాసేవాడు. ఒకడు బొమ్మలేసేవాడు. ఒకడు ఎక్కడెక్కడి కబుర్లూ మోసుకొచ్చేవాడు. ఒకడికి లెక్కలొచ్చు. ఇంకొకడు ఒత్తులు, దీర్ఘాలు సరిచూసేవాడు. రెండు వారాలకోసారి భోజనాల గది పక్క గోడకు ‘పలక’ ఎక్కేది. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు వేరే పనిలేక చదివేవాళ్లు. హాస్టల్‌లో 94 మందిమి. కాబట్టి మా పాఠకులు కూడా 94 మంది అని గర్వంగా చెప్పుకునేవాళ్లం.

ఆ సెప్టెంబరులో మా హైస్కూలు తెలుగు మాస్టారు ఒక కాగితం తెచ్చి చూపించారు. నవంబరు 16న జాతీయ పత్రికా దినోత్సవం. ఆ సందర్భంగా ఒంగోలులో హైస్కూలు విద్యార్థులు సొంతంగా తెచ్చే పత్రికలకు పోటీ. నాలుగు పేజీలుండాలి. చేతిరాత అయినా, అచ్చు అయినా పర్వాలేదు. ఒక్క ముక్క కూడా పెద్దవాళ్లు రాయకూడదు. విద్యార్థులు స్వయంగా సేకరించిన వార్త కనీసం ఒకటి ఉండాలి. ఎంట్రీ ఫీజు లేదు. ఫీజు లేదన్న మాట వినగానే మాకు సగం ధైర్యం వచ్చింది.

మాస్టారు సాయంత్రాలు వేపచెట్టు కింద కూచోబెట్టి వార్త ఎలా రాయాలో చెప్పారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబు ఉండాలన్నారు. కథలో అయితే అసలు విషయం చివర చెబుతాం, వార్తలో ముందే చెప్పేయాలన్నారు. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు, మూడూ కలిపి వండొద్దన్నారు. చివరగా, ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లను అడగకుండా రాయకూడదన్నారు. ఆరు ప్రశ్నలూ నోటుబుక్కులో రాసుకున్నాం. చివరి మాట రాసుకోలేదు.

పోటీకి వార్త కావాలి. ఆ వార్త మా పళ్లెంలోనే దొరికింది. మెనూ బోర్డు ప్రకారం వారానికి రెండు రోజులు గుడ్డు. సెప్టెంబరులో మూడు వారాలపాటు మాకు సగం గుడ్డే వచ్చింది. దారంతో కోసిన సగం ముక్క. మా లెక్కలవాడు కూచుని లెక్క తేల్చాడు. 94 మందికి 94 గుడ్లు రావాలి, 47 వస్తున్నాయి. వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు, అంటే ఆరుసార్లు. ఆరు నలభై ఏడ్లు 282. ‘282 గుడ్లు ఏమయ్యాయి?’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో శీర్షిక పెట్టాం. కింద ఒక ఆడమనిషి కొంగు చాటున గుడ్లు దాచుకుంటున్నట్టు బొమ్మ వేశాం. వంటగది దాటి గుడ్లు బయటికి పోతున్నాయేమోనన్న అనుమానం విద్యార్థుల్లో ఉందని రాశాం. ఆ అనుమానం ఉన్నది మా అయిదుగురికే. విద్యార్థుల్లో ఉందని రాస్తే బరువుగా ఉంటుందని అలా రాశాం. పోటీకి పంపేముందు ఎలా ఉందో చూద్దామని గోడకు అంటించాం.

లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ ఎవరైనా వేసి చూసుకోవచ్చు. తప్పు బొమ్మలో ఉంది.

మా హాస్టల్‌లో వంట చేసే ఆమెను అందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. జ్వరమొస్తే మిరియాల చారు పెట్టేది. అన్నం చాలకపోతే మాడు గీకి ఉండలు చేసి ఇచ్చేది. ఆ బొమ్మ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. చార్టు చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. రెండు రోజుల తర్వాత దసరా సెలవులు. పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు వచ్చారు. వాళ్లలో ఒకాయన గోడ మీదిది చదివి, వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లి, “మా పిల్లల నోటికాడిది తింటావా?” అని గట్టిగా అరిచాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. మేము సంచులు సర్దుకుంటూ చూశాం. మా వార్తను ఒక పెద్దమనిషి నమ్మాడని అప్పుడు మాకు సంతోషం కూడా కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది అదే.

సెలవులయ్యాక వచ్చేసరికి పెద్దమ్మ లేదు. కామాటి మామ వంట చేస్తున్నాడు. “మీరు రాసింది ఆమెకెవరో చదివి వినిపించార్రా. ఇంక రానంది” అన్నాడు.

చదివి వినిపించారు అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. పెద్దమ్మకు చదువు రాదు. రోజూ ఆ గోడ పక్కనుంచే బిందె మోసుకుంటూ తిరిగింది. అక్కడ తన గురించే రాసి ఉందని ఆమెకు తెలియదు. మా ఇళ్లలో కూడా అమ్మానాన్నలకు చదువు రాదు. అయిదు ఇళ్లలోనూ బడి మెట్లు ఎక్కిన మొదటివాళ్లం మేమే. మా అమ్మల గురించి ఎవరైనా అలా గోడ మీద రాసినా వాళ్లకూ తెలిసేది కాదు. మా ఇంట్లోకి కొత్తగా వచ్చిన అక్షరాన్ని మేము మొట్టమొదట వాడింది అక్షరం రాని మనిషి మీద.

ఆ సాయంత్రమే అడిగి అడిగి ఆమె ఇంటికి వెళ్లాం. ఇంటి ముందు కూచుని బియ్యం చెరుగుతోంది. రండి అనలేదు, పొండి అనలేదు. చాలాసేపటికి లోపలికి వెళ్లి, ఒక చిన్న పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. చిల్లర కొట్టు ఖాతా పుస్తకం. ఆమె పేరు మీద ఉంది. 47 గుడ్లు, 235 రూపాయలు. కింద మళ్లీ 47, మళ్లీ 235. అలా ఆరుసార్లు. మొత్తం 1,410 రూపాయలు.

సంగతేమిటంటే, హాస్టల్ బిల్లు రావడం ఆలస్యమైంది. గుడ్లు వేసే వ్యాపారి పాత బాకీ ఇస్తేనే వేస్తానని ఆపేశాడు. బిల్లు వచ్చేదాకా గుడ్డు లేకుండానే వండమని వార్డెన్ సారు చెప్పారు. పెద్దమ్మ తన వీధిలోని కొట్టులో సొంత ఖాతా మీద గుడ్లు తెచ్చింది. మొత్తం తేవడానికి కొట్టతను ఒప్పుకోలేదు, సగమే ఇచ్చాడు. ఆ సగాన్ని దారంతో కోసి 94 పళ్లేల్లో వేసింది. ఆమెది రోజుకూలి ఉద్యోగం. ఆమెకూ నాలుగు నెలలుగా జీతం రాలేదు.

“మాతో ఒక్క మాట చెప్పకూడదా పెద్దమ్మా?” అని మాలో ఒకడు అన్నాడు.

“మీరడిగితే చెప్పకపోదునా నాయనా?” అంది.

ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తిరిగి వచ్చే దారిలో మాలో మాకు గొడవైంది. ఆ వార్త తీసేద్దాం, దాని బదులు పలకలు ఎలా తయారవుతాయో రాద్దాం, బొమ్మలతో బాగుంటుంది, బహుమతి కూడా వస్తుంది అని ఇద్దరు అన్నారు. తీసేస్తే మనం చేసింది ఎవరికీ తెలియకుండా పోతుంది, పెద్దమ్మకు వచ్చిన చెడ్డపేరు మాత్రం ఉండిపోతుంది అని ఇద్దరు అన్నారు. అయిదోవాడు, బొమ్మ వేసినవాడు, ఏడుస్తూ నడిచాడు. మాస్టారును అడిగితే, “పత్రిక మీది. నేను చెబితే మీరు తీసుకున్న నిర్ణయం కాదు” అన్నారు. కానీ ఒక విషయం చెప్పారు. మన దేశంలో పత్రికల తప్పొప్పులు చూడటానికి ప్రెస్ కౌన్సిల్ అని ఒకటి ఉందట. అది 1966 నవంబరు 16న పని మొదలుపెట్టింది కాబట్టే ఆ రోజు పత్రికా దినోత్సవం అయిందట. అచ్చు వేసేముందు నిజమో కాదో చూసుకోవాలి, ఎవరి మీద రాశామో వాళ్ల జవాబుకు చోటివ్వాలి, తప్పు జరిగితే వెంటనే సవరించాలి అని అది నియమాలు పెట్టిందట. పెద్ద పత్రికలకే అన్ని నియమాలుంటే చార్టు పత్రికకు ఒక్కటైనా ఉండొద్దా అనిపించింది.

మొదట గోడ మీది చార్టు తీశాం. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, అదే ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘మేము తప్పు రాశాం’ అని అంటించాం. తర్వాత పోటీ కోసం వార్త మళ్లీ మొదటినుంచి సేకరించాం. కొట్టతన్ని అడిగాం. కామాటి మామను అడిగాం. గుడ్ల వ్యాపారి దగ్గరికి వెళ్లాం. ఇక మిగిలింది వార్డెన్ సారు.

ఆయన గది ముందు ఎంతసేపు నిలబడ్డామో మాకే తెలుసు. విషయం వినగానే, “ఇదంతా ఒంగోలు పంపిస్తారా? నా హాస్టల్ పరువు తీస్తారా?” అని కోప్పడ్డారు. మూడు రోజులు మాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పిలిచి రిజిస్టర్ తీసి చూపించారు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఒక్కొక్కరికి నెలకు 850 రూపాయలు మెస్ చార్జీ. ముప్పై రోజులకు పంచితే రోజుకు 28 రూపాయల చిల్లర. అందులోనే టిఫిను, రెండు పూటల కూరలు, గుడ్డు, గ్యాసు అన్నీ రావాలి. ఆ డబ్బు కూడా నెలనెలా రాదు. బిల్లు ఎప్పుడు పంపారో, ఎన్నిసార్లు తిరిగారో తేదీలతో సహా చెప్పి, “రాస్తే ఇది కూడా రాయండి” అన్నారు. అప్పటిదాకా ఆయనను అడగడానికి భయపడ్డాం. ఆయనకూ చెప్పుకోవాల్సింది ఉందని మాకు తోచలేదు.

చివరికి మళ్లీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాం. రాసింది మొత్తం చదివి వినిపించాం. పేరు రాయమంటావా అని అడిగాం. “పేరొద్దు. నాకంత బాకీ ఉందని వీధంతా తెలిసిపోద్ది” అంది. ఆ మాట కూడా మాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఒక మనిషి మంచితనం గురించి రాసినా అడిగే రాయాలి. పేరు లేకుండా, ‘హాస్టల్ వంట మనిషి’ అని మాత్రమే రాశాం. మర్నాడు పొద్దున వంటగదిలో పొయ్యి వెలిగించింది ఆమే. మా కోసం వచ్చిందో, నాలుగు నెలల జీతం కోసం వచ్చిందో మేము అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్న కాదు.

ఇక ఎంట్రీ ఫారం నింపడం మిగిలింది. అందులో ‘సంపాదకుడి పేరు’ అని ఒకటే గీత ఉంది. తప్పు రాసినప్పుడు అయిదుగురం ఉన్నాం, దిద్దుకున్నప్పుడూ అయిదుగురం ఉన్నాం. ఒక్క పేరు ఎలా రాయాలో తెలియలేదు. ఆ చిన్న గీత మీద అయిదు పేర్లూ చీమతలల్లా ఇరికించాం. హెడ్మాస్టరు సంతకం, వార్డెన్ సారు సంతకం అయ్యాయి. నాలుగు పేజీలూ జిరాక్స్ తీయించి పంపాం.

నవంబరు 16న మాస్టారుతో ఒంగోలు బయలుదేరాం. పెద్ద నోట్లు రద్దయి అప్పటికి వారం. ఆర్టీసీ బస్సులో పాత 500 నోటు తీసుకున్నారు గానీ కండక్టర్ దగ్గర చిల్లర లేదు. టికెట్ వెనక రాసిచ్చిన చిల్లరను ఒంగోలులో దిగాక వసూలు చేసుకునేసరికి మాస్టారుకు తల ప్రాణం తోకకొచ్చింది. పొదిలి దాటి చీమకుర్తి గ్రానైట్ గుట్టలు కనబడేదాకా మా దిగులంతా ఆ ఫారం గురించే. అయిదు పేర్లు రాసినందుకు ఎంట్రీ తీసేస్తారేమోనని భయం.

అప్పుడు మాస్టారు అంబేడ్కర్ గారి పత్రిక గురించి చెప్పారు. 1920 జనవరి 31న బొంబాయిలో ఆయన ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టారు. మూగవాళ్ల నాయకుడు అని ఆ పేరుకు అర్థం. కొల్హాపూర్ సాహూ మహారాజు 2,500 రూపాయలు సాయం చేశారు. పక్షపత్రిక. అయితే సంపాదకుడిగా ఉన్న పేరు అంబేడ్కర్‌ది కాదు. ఆయన అప్పుడు సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు. పాండురంగ్ నందరాం భట్కర్ అనే ఆయన పేరు సంపాదకుడిగా ఉండేది. “పేరు ఎవరిదైతే ఏంరా, మాట ఎవరిదో అది చూడాలి” అన్నారు మాస్టారు.

ఆ మాటకు మా భయం పోయింది గానీ, పత్రిక పేరు మాత్రం మనసులో గుచ్చుకుంది. నోరులేని వాళ్ల తరఫున రాస్తున్నామని మేమూ అనుకున్నాం. పెద్దమ్మకు నోరుంది. మేమే అడగలేదు.

ఒంగోలు హాల్లో మిగతా పత్రికలు చూసి మా కాళ్లు చల్లబడ్డాయి. కంప్యూటర్‌లో డీటీపీ చేయించి, రంగుల్లో, నిగనిగలాడే కాగితం మీద వేయించినవి చాలా ఉన్నాయి. మా జిరాక్స్ పేజీలు ఒక మూల బల్ల మీద ఉన్నాయి. మా ఎర్ర అక్షరాలు జిరాక్స్‌లో నల్లగా మారిపోయాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన పత్రికలో పనిచేసి రిటైరైన పెద్దాయన. మా పత్రిక చేత్తో పట్టుకుని, “దీని ఎడిటర్ ఎవరు?” అని అడిగారు. అయిదుగురం లేచి నిలబడ్డాం. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “తప్పయిందని మొదటి పేజీలో వేశారేం? ఇలాంటివి లోపలి పేజీలో చిన్నగా వేస్తారు గదా?” అన్నారు. మా దస్తూరివాడికి ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, “తప్పు కూడా మొదటి పేజీలోనే వేశాం సార్” అన్నాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకేమీ అనకుండా పక్క బల్ల దగ్గరికి వెళ్లారు.

మాకు మొదటి బహుమతి రాలేదు. రెండు, మూడు కూడా రాలేదు. ప్రోత్సాహక బహుమతి కింద ఒక సర్టిఫికెట్, ఒక తెలుగు నిఘంటువు ఇచ్చారు. సర్టిఫికెట్ మీద గీతలో ముందున్న ఒక్క పేరు రాసి, ‘మరియు బృందం’ అన్నారు. ఆ పేరు గలవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లనన్నాడు. భోజనాల గది పక్క గోడకు, ‘పలక’ ఉండే చోటే అంటించాం. తర్వాత సున్నాలు వేసినప్పుడు అది పోయింది. నిఘంటువు మాత్రం హాస్టల్ పుస్తకాల బీరువాలో ఉండేది. అట్ట ఊడిపోయి ఉంటుంది, తమ్ముళ్లు ఒకసారి వెతకండి.

బిల్లు డిసెంబరులో వచ్చింది. గుడ్డు మళ్లీ నిండుగా వచ్చింది. పెద్దమ్మ కొట్టు బాకీ సంక్రాంతి దాటాక తీరింది. మేము రాసినందువల్ల బిల్లు వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అది నిజం కాదు, దాని వరసలో అది వచ్చింది. ఇలాంటి చోట కూడా ఉన్నదే చెప్పడం మాకు అప్పటినుంచి అలవాటైంది.

మా అయిదుగురిలో ఎవరమూ విలేకరులం కాలేదు. ఒకరు సచివాలయంలో పనిచేస్తున్నారు. ఒకరు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తున్నారు. ఒకరు డ్రైవరు, ఒకరు బడిలో టీచరు. ఇది రాస్తున్నవాడు పీజీ చదువుతున్నాడు. పీజీలో ప్రాజెక్టు కోసం ఊళ్లు తిరిగి మనుషుల్ని ప్రశ్నలడిగి కాగితాల మీద టిక్కులు పెట్టుకున్నప్పుడల్లా, టిక్కు పెట్టేముందు రాసింది వాళ్లకు చదివి వినిపించాడు. అది ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

తమ్ముళ్లూ, పత్రికల పోటీ గురించి ఎప్పుడైనా కాగితం వస్తే వదులుకోకండి. రంగులు లేవని, కంప్యూటర్ లేదని వెనక్కి తగ్గకండి. మీ పళ్లెంలో, మీ గదిలో, మీ నీళ్ల పంపు దగ్గర కావలసినంత వార్త ఉంది. సగం గుడ్డు వస్తే సగం గుడ్డు వచ్చిందనే రాయండి, భయపడొద్దు. లెక్క సరిచూసుకోండి. కానీ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మీరే ఊహించి రాయకండి. వెళ్లి అడగండి. వార్డెన్ సారునూ అడగండి, వంట చేసే అమ్మనూ అడగండి. చదువురాని మనిషి గురించి రాస్తే, రాసింది ముందు ఆ మనిషికి చదివి వినిపించండి. తప్పయితే ఎంత పెద్ద అక్షరాలతో రాశారో అంత పెద్ద అక్షరాలతోనే దిద్దుకోండి.

ఫారంలో సంపాదకుడి పేరుకు ఇప్పటికీ ఒకటే గీత ఉంటే, అందరి పేర్లూ ఇరికించి రాయండి. చోటు చాలకపోతే ‘మేము’ అని రాయండి.

జై భీమ్.